విశాఖలో తొలి ఇల్లు: మధురవాడ వైపా, ఎన్‌ఏడీ వైపా?

ఇసుకతోట అద్దింటివారు:
అందరికీ నమస్కారం. మా తొలి ఇల్లు ఎక్కడ కొనుక్కోవాలన్న సంగతి ఇంట్లో కొన్ని నెలలుగా నలుగుతోందే కానీ తేలడం లేదు. అందుకే నగరం నలుమూలలా ఉంటున్న సభ్యుల సలహా కోరుతున్నాను. మావారు పరవాడ ఫార్మాసిటీలో పని చేస్తున్నారు, ఆయనకు షిఫ్టులు మారుతూ ఉంటాయి. నేను ఎంవీపీ కాలనీలో ఒక పాఠశాలలో పాఠాలు చెబుతాను. అంటే ఇద్దరి ఉద్యోగాలూ ఊరికి చెరో కొసన ఉన్నాయి. బాబును వచ్చే ఏడాది బడిలో వేయాలి. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు కనుక లిఫ్టు లేని ఇల్లు మాకు పనికిరాదు.

చేతిలో ఉన్నది 18 లక్షలు. ఎట్టి పరిస్థితిలోనూ మొత్తం ఖర్చు 65 లక్షలు దాటకూడదని అనుకున్నాం. మమ్మల్ని తిప్పుతున్న ఏజెంట్లు అందరూ పీఎం పాలెం, మధురవాడ, కొమ్మాది వైపే తీసుకువెళ్తున్నారు. విమానాశ్రయం భోగాపురం వెళ్తోంది కనుక రేపటి విశాఖ అంతా అటేనని వారి మాట. మా నాన్నగారేమో అపార్ట్‌మెంటు జోలికి పోవద్దని, ఆనందపురం దాటాక 200 గజాల స్థలం కొని ఉంచుకోమని అంటున్నారు. మావారి మనసు షీలానగర్, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ప్రాంతం మీద ఉంది. ఈ మూడింటిలో దేనికి మొగ్గు చూపాలి?

కూర్మన్నపాలెం వాసి:
అమ్మా, మీ ప్రశ్నలో సగం జవాబు మీ వారి షిఫ్టుల్లోనే ఉంది. ఉదయం ఆరింటి షిఫ్టుకు కంపెనీ బస్సు మధురవాడలో ఎన్నింటికి వస్తుందో ముందు కనుక్కోండి. కార్ షెడ్ జంక్షన్ నుంచి హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం దాటి, లంకెలపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి పరవాడ చేరాలంటే నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివర వరకు దాటినట్టే. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుంది కనుక వెళ్లేటప్పుడు తెలియదు. జనరల్ షిఫ్టు దిగి సాయంత్రం ఆరు గంటలకు గాజువాక జంక్షన్‌లో చిక్కుకున్నప్పుడు తెలుస్తుంది. నేను ఇటు పక్క ఉంటున్నవాడిని, ఆ బస్సుల్లో తలలు వాల్చి నిద్రపోతున్న కుర్రాళ్లను రోజూ చూస్తుంటాను.

అలాగని మిమ్మల్ని గాజువాక రమ్మని పిలవడం లేదు. మీకు ఎంవీపీ దూరమవుతుంది, పైగా చిన్నపిల్లవాడు, పెద్దావిడ ఉన్న ఇంటికి పరిశ్రమల పొగ, దుమ్ము కూడా ఆలోచించవలసిన విషయాలే. మురళీనగర్, మాధవధార, మర్రిపాలెం, ఎన్‌ఏడీ పరిసరాలు మీ ఇద్దరికీ నడిమధ్యన వస్తాయి. మీ వారి మనసు సరైన చోటే ఉందని నా అభిప్రాయం.

మధురవాడ మిత్రుడు:
పై సభ్యులతో నేను గౌరవంగా విభేదిస్తున్నాను. ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారదు. ఈ రోజు పరవాడలో ఉన్న మనిషి ఐదేళ్లకు ఎక్కడ ఉంటారో ఎవరు చెప్పగలరు? మధురవాడ వైపు బడులు, కళాశాలలు, ఆసుపత్రులు, రుషికొండ ఐటీ కొండల మీద కార్యాలయాలు, పీఎం పాలెంలో క్రికెట్ స్టేడియం అన్నీ ఇప్పటికే ఉన్నాయి, ఇది రేపటి ఊహ కాదు. అద్దెకు ఇచ్చినా పట్టుమని నెల కూడా ఖాళీగా ఉండదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. తర్లువాడలో డేటా సెంటర్ అన్నారు, స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాదికి మెట్రో మార్గం ప్రతిపాదించారు. వీటిలో సగం నిజమైనా తరువాత ఈ ధరకు ఇటువైపు అడుగు పెట్టలేరు.

కూర్మన్నపాలెం వాసి:
మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లని పత్రికల్లో చదివి చదివి ఆ అంకె నాకు కంఠతా వచ్చింది. ఎక్కడానికి రైలు మాత్రం ఇంకా రాలేదు. విమానాశ్రయం మాటకొస్తే, విమానం ఎక్కేది ఏడాదికి ఒకటి రెండు సార్లు, బస్సు ఎక్కేది రోజూ. ఉద్యోగం మారవచ్చు, నిజమే. అయితే ఫార్మాలో పనిచేసేవారు మారినా పరవాడ నుంచి అచ్యుతాపురానికో, నక్కపల్లికో మారతారు. ఆ రెండూ మధురవాడకు ఇంకా దూరం.

లెక్కల మాస్టారు:
ప్రాంతం సంగతి తేల్చే ముందు 65 లక్షలంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఫ్లాటు ధర 65 లక్షలైతే మీ దగ్గరున్న సొమ్ముతో అది సాగదు.

బ్యాంకులు 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 కలిపి 7.5 శాతం అవుతుంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు జీఎస్‌టీ మరో 5 శాతం. కాబట్టి 65 లక్షల ఫ్లాటుకు మీ వాటా 13 లక్షలు, జీఎస్‌టీ 3.25 లక్షలు, రిజిస్ట్రేషన్ 4.87 లక్షలు కలిపి 21 లక్షలు పైన చేతిలో ఉండాలి. ఇంకా చెక్కపని, ఫ్యాన్లు, గృహప్రవేశం లెక్కలోకి రాలేదు.

అదే 55 లక్షల ఫ్లాటు అయితే మీ వాటా 11, రిజిస్ట్రేషన్ 4.12, జీఎస్‌టీ 2.75 కలిపి మీ 18 లక్షలకు ఇంచుమించు సరిపోతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయింది, ఉండవచ్చు అని నగరపాలక సంస్థ ఇచ్చే పత్రం, వచ్చిన తరువాత కొంటే, లేదా ఒకరి దగ్గర నుంచి మారుబేరానికి కొంటే, జీఎస్‌టీ ఉండదు కనుక ఆ 2.75 లక్షలు చెక్కపనికి మిగులుతాయి. 44 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుతో నెలకు సుమారు 38 వేలు కట్టాలి. ఇది మీ ఇద్దరిలో ఒకరి జీతం మీదే గడవగలదా అన్నది మీరే ఆలోచించుకోవాలి, ఎందుకంటే బాబు చిన్నవాడు, మీరు ఎప్పుడైనా సెలవు పెట్టవలసి రావచ్చు. మరొక సంగతి, ఆస్తి ధర 50 లక్షలు లేదా అంతకు మించితే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతం మీరు పట్టి ఉంచి ఆదాయపు పన్ను శాఖకు జమ చేయాలి. అది మీకు అదనపు ఖర్చు కాదు కానీ మరిచిపోతే నోటీసు మీకే వస్తుంది.

మీ నాన్నగారి ఆలోచనకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది. స్థలం కొంటే ఇసుకతోట అద్దె, స్థలం రుణం వాయిదా రెండూ కట్టాలి, ఇల్లు మాత్రం రాదు. ఇప్పటికే సొంత ఇల్లు ఉన్నవారికి అది మంచి సలహా.

దస్తావేజుల పక్షి:
ఇంతవరకు ఎవరూ ఎత్తని మాట చెబుతాను. రిజిస్ట్రేషన్ కాగితాల మధ్య చాలా కాలం పని చేశాను కనుక విశాఖలో నేను ప్రాంతం కన్నా ముందు సర్వే నంబరు చూస్తాను.

మధురవాడ, కొమ్మాది చుట్టుపక్కల పూర్వం ప్రభుత్వం పేదలకు, మాజీ సైనికులకు, స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చిన భూములు ఉన్నాయి. వాటిలో కొన్ని డి-పట్టాలు, అంటే అనుభవించడానికే తప్ప స్వేచ్ఛగా అమ్ముకోవడానికి ఇచ్చినవి కావు. విశాఖ భూముల రికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయవలసి వచ్చిందంటే సంగతి ఎంతవరకు పోయిందో ఊహించుకోండి. పశ్చిమాన సింహాచలం కొండ చుట్టూ మరో చిక్కు ఉంది. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం గ్రామాల్లో దేవస్థానానికీ నివాసితులకూ మధ్య భూవివాదం దశాబ్దాలుగా నడుస్తోంది, దాన్నే పంచగ్రామాల సమస్య అంటారు. ఆ పరిధిలో వచ్చిన ఇల్లు పక్క వీధి కన్నా చౌకగా కనిపిస్తే ఆ చౌకకు కారణం అదే అయి ఉంటుంది.

కాబట్టి ఏ ఫ్లాటు నచ్చినా బయానా ఇవ్వకముందే మూడు పనులు చేయండి. సర్వే నంబరు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా అక్కడే వస్తుంది. ఈసీలో కనిపించే ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజు, ఉండాలి; మధ్యలో ఒక్క లింకు జీపీఏ (యజమాని మరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీదో, నోటరీ కాగితం మీదో నడిచి ఉంటే న్యాయవాదికి చూపించకుండా ముందుకు వెళ్లవద్దు. మూడవది చాలామందికి తెలియదు. అపార్ట్‌మెంటు ప్లాను మంజూరు చేసేటప్పుడు బిల్డరు కట్టడంలో 10 శాతం భాగాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెడతాడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. సాధారణంగా ఒక అంతస్తులో కొన్ని ఫ్లాట్ల నంబర్లు ఆ తనఖా పత్రంలో రాసి ఉంటాయి. మీకు చూపిస్తున్న ఫ్లాటు వాటిలో ఒకటేమో అడగండి. అడగగానే ఏజెంటు మాట మార్చితే మీరూ ఫ్లాటు మార్చండి.

ప్రీ-లాంచ్ పేరుతో తగ్గింపు ధర చూపి మొత్తం సొమ్ము ముందే కట్టమనే ప్రకటనలు ఈ మధ్య ఆనందపురం దారిలో ఎక్కువయ్యాయి. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు మించి గానీ కడుతుంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా దగ్గర నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. నమోదు ఉన్నా, అమ్మకం అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

ఇసుకతోట అద్దింటివారు:
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి లెక్క చూశాక 65 లక్షల ఫ్లాట్లను జాబితా నుంచి తీసేశాం. వేపగుంట దగ్గర ఒక కొత్త ఇండిపెండెంట్ ఇల్లు 48 లక్షలకు వస్తోందని నిన్ననే కబురు వచ్చింది. కింద రెండు పోర్షన్లు, మీద ఖాళీ డాబా. మా నాన్నగారికి అది బాగా నచ్చింది. అమ్మేవారు రిజిస్ట్రేషన్ తరువాత చేసుకోవచ్చు, ముందు స్టాంపు కాగితం మీద రాసుకుందాం అంటున్నారు. దీని మీద ఆశ పెట్టుకోవచ్చా?

దస్తావేజుల పక్షి:
వద్దు. వేపగుంట అంతా వివాదంలో లేదు, శుభ్రమైన పట్టాలున్న వీధులూ ఉన్నాయి. అయితే రిజిస్ట్రేషన్ తరువాత అన్నారంటే ఇప్పుడు జరగదనే అర్థం. బ్యాంకు రుణం ఇవ్వదు, రేపు మీరు అమ్మాలన్నా ఇలాంటి కాగితమే రాయాలి.

ఉప్పుగాలి:
నేను సివిల్ ఇంజినీరును, ఈ ఊళ్లోనే కట్టడాలు చూస్తూ పెద్దవాడినయ్యాను. కాగితాల సంగతి పెద్దలు చెప్పారు, నేను గోడల సంగతి చెబుతాను.

సముద్రం కనిపించే ఫ్లాటు అందరికీ ముచ్చటే. లాసన్స్ బే నుంచి సాగర్‌నగర్, రుషికొండ వరకు తీరం వెంట ఉన్న ఇళ్లలో బాల్కనీ గ్రిల్లు కింది మూలలు వేలితో నొక్కి చూడండి, రంగు పొరలుగా ఊడివచ్చి లోపల తుప్పు పొడి రాలుతుంది. ఏసీ బయటి యూనిట్ల రేకులు కూడా నగరం లోపలి కన్నా అక్కడ త్వరగా తినేస్తాయి. శ్లాబు అడుగున ఇనుప కడ్డీ దారి వెంట సన్నని గోధుమరంగు చార కనిపిస్తే లోపల తుప్పు మొదలైందన్నమాట. పైన సున్నం వేసి దాన్ని మాయం చేస్తారు కనుక కొత్తగా రంగులు వేసిన పాత ఫ్లాటును మరింత శ్రద్ధగా చూడాలి. బాత్రూము కింది శ్లాబు, లిఫ్టు గొయ్యి, కింద కార్లు నిలిపే స్టిల్ట్‌లో స్తంభాల మొదళ్లు, ఈ మూడు చోట్లా టార్చి వేసి చూస్తే కట్టడం వయసు మీకే అర్థమవుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో స్తంభాలు నిలిచాయి, కిటికీలు పోయాయి. పై అంతస్తుల్లో స్లైడింగ్ అద్దాలు చట్రాలతో సహా లోపలికి వచ్చి పడ్డాయి. ఆ తరువాత కరెంటు లేక మోటారు ఆడక, పదిమందికి సరిపడా నూతి నీరు ఉన్నా పై అంతస్తుకు ఒక్క బిందె ఎక్కలేదు. అందుకే జనరేటరు లిఫ్టుకు మాత్రమేనా, నీళ్ల మోటారుకు కూడానా అని అడగండి. మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కనుక ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి. వర్షాకాలంలో ఒకసారి ఆ వీధి చూడకుండా సంతకం చేయవద్దు. షీలానగర్, ఎన్‌ఏడీ చుట్టుపక్కల పల్లపు ప్రాంతాల్లో మేఘాద్రిగెడ్డ ప్రభావం ఉంటుంది, కంచరపాలెం, జ్ఞానాపురం వైపు ఎర్రిగెడ్డ ఉంది. గెడ్డ అన్నది బురదకాలువలా కనిపించినా భారీ వాన పడిన రోజున తన పాత దారి వెతుక్కుంటుంది. మాధవధార వైపు కొండవాలును తవ్వి కట్టిన భవనాలుంటే వెనక గోడ, దాని నీరు పోయే గొట్టాలు చూడండి. గోపాలపట్నం ఆవల పరిశ్రమల పక్కన ఇల్లు చూస్తుంటే 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగిన వాయువు లీకును గుర్తుంచుకోవలసిందే.

ఐదంతస్తులకు ప్లాను ఉండి ఆరో అంతస్తు లేదా పెంట్‌హౌసు కనిపిస్తే అది అనుమతి లేని కట్టడమే కావచ్చు. ఆ భవనంలో మీ ఫ్లాటు మూడో అంతస్తులో ఉన్నా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అందరికీ కలిపి ఆగిపోతుంది.

మధురవాడ మిత్రుడు:
ఉప్పుగాలి గారు నగరం మధ్యలోని గెడ్డల గురించి చెప్పారు కనుక నేను మా వైపు లోటు కూడా దాచను. మాకు నీటి కొరత ఉంది. నేల అడుగున రాయి, పైన అపార్ట్‌మెంట్లు ఎక్కువ; కొన్ని వీధులకు మున్సిపల్ నీరు సరిపడా రాదు, వేసవిలో బోర్లు అడుగంటుతాయి. మా అపార్ట్‌మెంటులో ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సును మించిపోతుంది. ఎవరైనా మధురవాడ వైపు చూస్తే మే నెలలో ఉదయం వేళ ఆ వీధిలో కాసేపు నిలబడాలి, అసోసియేషన్ వారి దగ్గర వేసవి నెలల ట్యాంకర్ బిల్లులు చూపించమనాలి. ఆ ఒక్క లోటు సర్దుకోగలిగినవారికి మా వైపు మంచిదేనన్న మాట మీద మాత్రం ఉన్నాను. ఈ కుటుంబానికి మటుకు దూరం ఎక్కువేనని ఒప్పుకుంటున్నాను.

ఇసుకతోట అద్దింటివారు:
వేపగుంట ఇంటి విషయం మా నాన్నగారికి నచ్చజెప్పాం, ఆయన ఇంకా అలిగే ఉన్నారు. మురళీనగర్, మర్రిపాలెం మధ్య రెండు ఫ్లాట్లు చూశాం. ఒకటి కొత్తది, 1,050 చదరపు అడుగులని చెప్పారు, 56 లక్షలు. రెండవది 12 ఏళ్ల పాతది, 1,200 చదరపు అడుగులు, 52 లక్షలు, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, మున్సిపల్ నీరు ఉంది. కంపెనీ బస్సు ఆ పక్క నుంచే వెళ్తుంది, నాకు మద్దిలపాలెం మీదుగా ఎంవీపీకి బస్సులున్నాయి. పాతదనే వెనుకాడుతున్నాం. ఎలా పోల్చుకోవాలి?

లెక్కల మాస్టారు:
ముందుగా రెండింటికీ కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే చోటు, అడగండి. 1,050 అన్నది కామన్ ఏరియా కలిపిన సంఖ్య అయితే లోపల మీరు తిరిగే చోటు అంతకన్నా చాలా తక్కువ ఉంటుంది. రెరా కింద అమ్మకం కార్పెట్ ఏరియా లెక్కనే జరగాలి, కొత్త ఫ్లాటు వారు అది రాతపూర్వకంగా ఇవ్వక తప్పదు. తరువాత భూమిలో వాటా, అంటే యూడీఎస్, ఎన్ని గజాలో రెండు దస్తావేజుల్లోనూ చూసి పక్కపక్కన రాసుకోండి. కట్టడం విలువ ఏటేటా తగ్గుతుంది, పెరిగేది ఆ గజాల విలువ. పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు తక్కువ, స్థలం ఎక్కువ ఉండడం వల్ల చాలాసార్లు ఒక్కో ఫ్లాటుకు వాటా ఎక్కువ వస్తుంది. అలా ఉంటే 12 ఏళ్ల వయసు నాకు అభ్యంతరం కాదు. 20 ఏళ్ల గడువుకు బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి, కట్టడం మిగిలిన ఆయుష్షు వారి ఇంజినీరు అంచనా వేస్తాడు.

దస్తావేజుల పక్షి:
పాతదాని యజమాని ఇప్పటికీ బ్యాంకుకు బాకీ ఉంటే అసలు దస్తావేజులు అక్కడే ఉంటాయి. మీ బ్యాంకు వారి బ్యాంకుకు నేరుగా చెక్కు ఇచ్చి పత్రాలు విడిపించుకునేలా ముందే మాట్లాడుకోండి, బయానా మాత్రం తక్కువ ఇవ్వండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లేఖ తీసుకోండి. పార్కింగ్ స్థలం ఏ నంబరో అమ్మకం దస్తావేజులో రాయించండి, లేకపోతే కారు నిలిపిన మొదటి రోజునే పక్కింటివారితో పేచీ.

ఉప్పుగాలి:
పాత ఫ్లాటు చిరునామా నాకు విడిగా పంపితే ఆదివారం వచ్చి స్టిల్ట్, బాత్రూము శ్లాబు, ఓవర్‌హెడ్ ట్యాంకు చూసి చెబుతాను. డాబా తలుపు తాళం అసోసియేషన్ వారి దగ్గర ముందే తీసుకుని ఉంచండి, చాలా చోట్ల అదే దొరకదు.